పీహెచ్‌డీ మధ్యలో ఆపేయాలా, పూర్తి చేయాలా? తేల్చుకునే ముందు ఈ లెక్క వేసుకోండి



ఈరోజు టాపిక్ అందరికీ సంబంధించింది కాదు. మన వీడియోలు చూసేవాళ్లలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది దగ్గర నుంచి వచ్చే మెసేజ్‌లు చాలా పొడుగ్గా ఉంటాయి. ఎక్కువగా అర్ధరాత్రి దాటాక వస్తాయి. చివర్లో ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నా, మూడేళ్లు దాటింది. వదిలేయాలనిపిస్తోంది. వదిలేస్తే ఇన్నేళ్లూ వేస్టేనా?"

ముందే చెప్తున్నా, నేను పీహెచ్‌డీ చేయలేదు. బీటెక్ చేశాను, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను. "మరి నీకేం తెలుసు?" అని అడిగితే న్యాయమే. అందుకే వదిలేయమనీ చెప్పను, ఉండిపొమ్మనీ చెప్పను. నాకు బాగా దగ్గరైన ఇద్దరు ఇదే ప్రశ్నతో నలిగిపోయినప్పుడు పక్కన కూర్చుని లెక్క వేశాం. ఒకరు ఉండిపోయారు, ఒకరు బయటికి వచ్చారు. లెక్క ఒకటే, జవాబులు వేరు. వాళ్ల అనుమతితోనే, వివరాలు కొన్ని మార్చి చెప్తున్నాను.

మొదటివాడు ఖమ్మం వైపు నా చిన్ననాటి స్నేహితుడు. కెమిస్ట్రీ, ఇక్కడే ఒక యూనివర్సిటీలో, జేఆర్‌ఎఫ్‌తో చేరాడు. రెండో అమ్మాయి మా పిన్ని కూతురు. గుంటూరులో బీటెక్ అవ్వగానే నేరుగా అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి వెళ్లింది.

పోయిన ఏళ్లు లెక్కలోకి రావు

అనంతపురం వైపు గానీ, నల్గొండ వైపు గానీ బోరు వేయడం చూశారా? అడుగుకి ఇంత అని రేటు. మూడు వందల అడుగులు దిగింది, నీళ్లు లేవు. బండి ఆయన అడుగుతాడు, "ఇంకో యాభై దించమంటారా?" రైతు మనసులో ఏముంటుంది? "ఇప్పటిదాకా ఇంత పెట్టాను కదా, ఇప్పుడు ఆపితే అదంతా పోయినట్టే కదా" అని. దించమంటాడు. మళ్లీ యాభై. మళ్లీ అదే మాట.

నిజానికి ఆ మూడు వందల అడుగుల డబ్బు ఆపినా పోయిందే, దించినా పోయిందే. దాన్ని ఆర్థికశాస్త్రంలో సంక్ కాస్ట్ అంటారు. అనుభవం ఉన్న రైతు అడుగులు లెక్కపెట్టడు, బయటికి వస్తున్న రాతిపొడి చేతిలోకి తీసుకుని చూస్తాడు. పొడి పొడిగానే ఉందా, తడి తగులుతోందా? తడి ఉంటే ఇంకో యాభై అడుగులకి అర్థం ఉంది.

పీహెచ్‌డీలో కూడా "ఎన్నేళ్లు పెట్టాను" అనేది ప్రశ్న కాదు. తడి తగులుతోందా లేదా అనేదే ప్రశ్న. అంటే ఏంటి? గత ఆరు నెలల్లో మీ పనిలో ఏదైనా కదిలిందా? ఒక ప్రయోగం ఫెయిలైనా, ఎందుకు ఫెయిలైందో తెలిసిందా? తెలిస్తే అది తడే. ఆర్నెల్ల కిందట మీ సమస్య ఏ వాక్యంలో చెప్పారో ఇప్పుడూ అదే వాక్యంలో చెప్తున్నారంటే, అది పొడి.

ఇంకో రకం తడి కూడా ఉంది, అది మీలో ఉండేది. మా చెల్లి ఒకరోజు ఫోన్‌లో అంది, "అన్నయ్యా, పేపర్ యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చింది. సంతోషం అనిపించలేదు. హమ్మయ్య, ఒకటి అయిపోయింది అనిపించింది." ఓడిపోయినప్పుడు ఎవరికైనా వదిలేయాలనే ఉంటుంది, అందుకే ఆ రోజు వచ్చే ఆలోచనని నమ్మకండి. గెలిచిన రోజు ఏమనిపించిందో చూసుకోండి.

సమస్య పనిలోనా, గైడ్‌తోనా, డబ్బుతోనా?

"పీహెచ్‌డీ వద్దనిపిస్తోంది" అనే మాట వెనక మూడు వేరు వేరు రోగాలు ఉంటాయి. మూడింటికీ మందు ఒకటే అనుకోవడంతోనే ఇబ్బంది. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రేపు పొద్దున గైడ్ మారిపోయి మంచి మనిషి వచ్చాడనుకోండి. మీరు ఈ పనే చేస్తారా? సరే, గైడ్ అలాగే ఉన్నాడు, స్టైపెండ్ రెట్టింపైందనుకోండి. అప్పుడు చేస్తారా? ఇవి రెండూ బాగుపడినా ఈ పని చేయబుద్ధి కావట్లేదంటే, అప్పుడు సమస్య పనిలోనే ఉంది.

మా ఖమ్మం వాడి విషయంలో మొదటి ప్రశ్నకే ముఖం వెలిగింది. "ఒరేయ్, నాకు కెమిస్ట్రీతో గొడవేం లేదురా. మా సార్‌కి అడ్మినిస్ట్రేషన్ పదవి వచ్చింది. నేను రాసిచ్చిన చాప్టర్ నాలుగు నెలలుగా ఆయన టేబుల్ మీదే ఉంది" అన్నాడు. చూశారా, వదిలేయాలనుకున్నది పీహెచ్‌డీని. అసలు సమస్య ఆ టేబుల్.

గైడ్ సమస్యకి దారులు ఉన్నాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్‌కీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి. ప్రతి సెమిస్టర్ స్కాలర్ ఆ కమిటీ ముందు తన పని చూపించాలి. చాలాచోట్ల ఇది సంతకాల తంతుగా అయిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మీటింగ్‌లో "రాసిన చాప్టర్ ఫలానా తేదీన ఇచ్చాను, అభిప్రాయం ఇంకా రాలేదు" అని మర్యాదగా రిపోర్టులో రాస్తే అది రికార్డులోకి వెళ్తుంది. కో-సూపర్‌వైజర్‌ని అడగొచ్చు. మావాడు అదే చేశాడు. గైడ్ మీద ఫిర్యాదు చేయలేదు. "సార్‌కి పని ఒత్తిడి ఉంది, రాత చూడటానికి మేడమ్ సాయం చేస్తే బాగుంటుంది" అని అడిగాడు. సార్ కూడా హమ్మయ్య అనుకుని ఒప్పుకున్నారు.

ఒక్క విషయం మాత్రం వేరు. గైడ్ తీరు అవమానించడం, బెదిరించడం, వేధించడం దాకా వెళ్తే అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు. మెయిళ్లు, మెసేజ్‌లు దాచుకోండి. లైంగిక వేధింపులైతే యూనివర్సిటీలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అక్కడికి వెళ్లండి. అలాగే నిద్ర పట్టట్లేదు, బతకాలనిపించట్లేదు అనే స్థితిలో ఉంటే ముందు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. 14416, టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత నంబర్, తెలుగులో మాట్లాడతారు. కాల్ చేయండి. మనసు కాస్త కుదురుకున్నాకే పీహెచ్‌డీ గురించి నిర్ణయం.

మీకు కావాల్సిన ఉద్యోగానికి ఆ డిగ్రీ తప్పనిసరా?

ఇది చాలామంది అడగని ప్రశ్న. "లెక్చరర్ అవ్వాలి కదా, పీహెచ్‌డీ లేకపోతే ఎలా" అంటారు. రూల్ చూద్దాం. 2023 జులై నుంచి యూనివర్సిటీలు, డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి కనీస అర్హత నెట్, సెట్ లేదా స్లెట్. పీహెచ్‌డీ ఐచ్ఛికం అని యూజీసీ చెప్పింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరడానికి ఎంటెక్ చాలు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ కావాలి.

అంటే పీహెచ్‌డీ వేస్ట్ అని కాదండి. ఇంటర్వ్యూలో పోటీకి వచ్చిన మిగతావాళ్లకి పీహెచ్‌డీ ఉంటే మీకు కష్టమే. సైంటిస్ట్ కావాలన్నా, యూనివర్సిటీలో సొంత ల్యాబ్ పెట్టాలన్నా ఆ డిగ్రీ లేకుండా తలుపు తెరుచుకోవడం చాలా అరుదు. కాబట్టి "పీహెచ్‌డీ మంచిదా కాదా" అని అడగొద్దు. మీకు కావాల్సిన ఉద్యోగాల నోటిఫికేషన్లు ఒక పది ముందు పెట్టుకోండి. అర్హతల్లో పీహెచ్‌డీ ఎన్నిటిలో తప్పనిసరి అని రాసి ఉందో లెక్కపెట్టండి. మావాడికి ఫార్మా పరిశోధనలో పైకి వెళ్లాలని ఉంది. వాడు చూసిన వాటిలో సగానికి పైగా పీహెచ్‌డీ అడిగారు. మా చెల్లి కోరుకున్న ఉద్యోగాల్లో ఒక్కటీ అడగలేదు.

ఇంకెంత మిగిలింది? నెలల్లో, రూపాయల్లో

ఇక్కడ మన దేశంలో చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం ఒకటి ఉంది. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. ఇంటి అద్దె అలవెన్స్ వేరే. కానీ ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లే. లెక్క వేస్తే రెండేళ్లకి 8,88,000, మూడేళ్లకి 15,12,000, మొత్తం 24 లక్షలు. అక్కడితో ఆగిపోతుంది.

డిగ్రీకి గడువు మాత్రం వేరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, అంటే ఎనిమిది. మహిళలకి, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవాళ్లకి మరో రెండేళ్లు, మొత్తం పది దాటకూడదు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదేళ్లకి డబ్బు ఆగుతుంది, ఎనిమిదేళ్ల దాకా టైమ్ ఉంది. మధ్యలో ఆ ఖాళీ ఎవరి డబ్బుతో గడుస్తుంది? నాన్న డబ్బుతోనా? గెస్ట్ లెక్చరర్‌గా వచ్చే జీతంతోనా? ఇది ఐదో ఏడులో కాదు, మూడో ఏట్లోనే అడగాల్సిన ప్రశ్న.

మావాడితో ఒక ఆదివారం కూర్చున్నాం. వాడికి మూడేళ్ల పది నెలలు అయ్యాయి. అంటే ఫెలోషిప్ ఇంకా 14 నెలలు. మిగిలిన పని కాగితం మీద పెట్టాం. రెండు ప్రయోగాలు, రెండు చాప్టర్లు, ప్రీ-సబ్మిషన్ సెమినార్, సినాప్సిస్, థీసిస్. "ఎన్ని నెలలు పడుతుందిరా?" అంటే "పది" అన్నాడు. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక అలవాటు ఉంది. ఎవరు ఎంత అన్నా దానికి సగం కలుపుతాం. పదికి ఐదు కలిపితే 15 నెలలు. ఫెలోషిప్ 14. ఒక్క నెల తేడా. అప్పటిదాకా "ఎప్పటికి తెగుతుందో తెలియని పని" అనిపించింది, 15 నెలల పనిగా కనిపించింది.

చేతిలో హైదరాబాద్ ఫార్మా కంపెనీ ఆఫర్ కూడా ఉంది, నెలలో చేరాలి. ఇంట్లో చెల్లి పెళ్లి ఉంది, నాన్నది చిన్న ఎరువుల కొట్టు. తేలికైన విషయం కాదు. వాడు ఆఫర్ వదులుకున్నాడు. కంపెనీవాళ్లకి "ఏడాది తర్వాత మళ్లీ అప్లై చేయొచ్చా?" అని మెయిల్ పెట్టాడు. చేయొచ్చన్నారు, కానీ అది హామీ కాదు. వాడు ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఆ నిర్ణయం ఫలించిందా లేదా అనేది ఇప్పుడే చెప్పలేను. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోంది అన్నాడు.

మధ్యే మార్గం కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి 2022 నిబంధనలు వీలు ఇస్తాయి, మీరు పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఫుల్‌టైమ్ నుంచి పార్ట్‌టైమ్‌కి మార్చుకోవడం మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ మీద ఆధారపడి ఉంటుంది. రీసెర్చ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి, క్యాంటీన్‌లో సీనియర్‌ని కాదు.

వదిలేసి ఎటు వెళ్తున్నారు?

ఈ టాపిక్ రాగానే ఒకరు అంటారు, "లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కూడా స్టాన్‌ఫర్డ్ పీహెచ్‌డీ పూర్తి చేయలేదు, గూగుల్ పెట్టారు" అని. నిజమే. కానీ 1998లో వాళ్లు కంపెనీ పెట్టేనాటికే ఆ సెర్చ్ ఇంజిన్ స్టాన్‌ఫర్డ్‌లో నడుస్తోంది, జనం వాడుతున్నారు. వాళ్లు పీహెచ్‌డీ నుంచి పారిపోలేదు, పని చేస్తున్న ఒక వస్తువు వైపు వెళ్లారు. ఇద్దరి చేతిలోనూ మాస్టర్స్ డిగ్రీ ఉంది.

ఇంకో ఉదాహరణ నాకు ఎక్కువ ఇష్టం. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే. 1970లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. 1974లో బ్యాండ్ కోసం ఆపేశాడు. 2007లో, ముప్పై ఏళ్లు దాటాక, అదే పరిశోధన పూర్తి చేసి డిగ్రీ తీసుకున్నాడు. అందరికీ అలా కుదరదు, గడువులు ఉంటాయి. కానీ తలుపు వేసినంత మాత్రాన తాళం పడినట్టు కాదు.

మన రాజ్ రెడ్డి గారినే చూడండి. చిత్తూరు జిల్లా కాటూరు. గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, 1966లో పూర్తయింది. 1994లో ట్యూరింగ్ అవార్డు. ముందు ఉద్యోగం, తర్వాత పరిశోధన, ఈ వరుస కూడా ఉంది.

కాబట్టి వదిలేయాలి అనుకునేవాళ్లు వెళ్లబోయే చోటుని ముందు రుచి చూడండి. ఒక ఇంటర్న్‌షిప్, ఒక చిన్న ప్రాజెక్ట్, ఆ రంగంలో పనిచేసేవాళ్లు ముగ్గురితో మాటలు. మా చెల్లి వేసవిలో మూడు నెలలు ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఆ రోజు కట్టిన సిస్టమ్ గురించి చెప్పేది. మూడేళ్లలో తన రీసెర్చ్ గురించి అంత మాట్లాడటం నేను వినలేదు.

బయటికి వచ్చే పద్ధతి

వదిలేయడం అంటే ఒకరోజు ల్యాబ్‌కి వెళ్లకుండా ఆగిపోవడం కాదు. ఇక్కడ ఇండియాలో అయితే, ముందు వేరే డిగ్రీతో బయటపడే వీలు ఉందేమో అడగండి. ఎంఫిల్ 2022 నిబంధనలతో ఆగిపోయింది కాబట్టి ఆ దారి లేదు. కొన్ని సంస్థల్లో నేరుగా బీటెక్ నుంచి పీహెచ్‌డీలో చేరినవాళ్లకి మాస్టర్స్‌తో బయటికి వచ్చే వీలుంటుంది. ఫెలోషిప్ షరతులు చదవండి. నో డ్యూస్, చేరేటప్పుడు ఇచ్చిన టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, కోర్స్‌వర్క్ మార్కుల మెమో, అన్నీ చేతికి వచ్చాకే ఊరెళ్లండి. పేపర్ రివ్యూలో ఉంటే మీ పేరు ఏ స్థానంలో ఉంటుందో మెయిల్‌లో రాయించుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి విషయం ఇంకా సున్నితం, ఎందుకంటే వీసా చదువుకి కట్టేసి ఉంటుంది. ఎఫ్-1 మీద ఉండి ప్రోగ్రాం పూర్తి చేస్తే 60 రోజుల గడువు. డీఎస్‌ఓ అనుమతితో మధ్యలో విరమిస్తే 15 రోజులే. చెప్పకుండా ఆపేస్తే ఒక్క రోజు కూడా లేదు. అందుకే మధ్యలో విరమించడం కంటే మాస్టర్స్ డిగ్రీ పూర్తి చేసుకుని బయటికి రావడం మేలు. అక్కడ దీన్నే మాస్టరింగ్ అవుట్ అంటారు. అప్పుడు 12 నెలల ఓపీటీ, స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు. ఓపీటీకి ప్రోగ్రాం ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత దాకా అప్లై చేయాలి.

ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. ఓపీటీ ఒక్కో డిగ్రీ స్థాయికి ఒక్కసారే. మన తెలుగువాళ్లు చాలామంది అక్కడ ఎంఎస్ చేసి, ఓపీటీ వాడుకుని, తర్వాత పీహెచ్‌డీలో చేరతారు. వాళ్లు రెండో మాస్టర్స్‌తో బయటికి వస్తే కొత్త ఓపీటీ రాదు. మా చెల్లి బీటెక్ తర్వాత నేరుగా వెళ్లింది కాబట్టి తనకి కుదిరింది. అందుకే గైడ్‌కి చెప్పే ముందు డీఎస్‌ఓని కలవండి. నిబంధనలు మారుతుంటాయి, నా వీడియో చూసి కాదు, వాళ్ల మాట విని అడుగు వేయండి.

ఇంట్లో ఏం చెప్పాలి?

అన్నిటికంటే కష్టం ఇదే. మా బాబాయ్ చెల్లి మీద కోప్పడలేదు. "సరేనమ్మా, నీ ఇష్టం" అన్నాడు. కానీ ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "అమెరికాలో రీసెర్చ్ చేస్తోంది" అనే చెప్తాడు. చెల్లికి అది తెలుసు. ఉద్యోగం బాగుంది, పని నచ్చింది, కానీ ఆ ఒక్క మాట దగ్గర గొంతు పట్టేస్తుంది. అది కూడా ఖర్చే. లెక్కలో రాసుకోండి, దాచకండి.

ఇంట్లో "వదిలేస్తున్నాను" అని మొదలుపెట్టకండి. "మాస్టర్స్ డిగ్రీతో బయటికి వస్తున్నాను, ఫలానా నెలలో ఫలానా ఉద్యోగంలో చేరతాను, ఖర్చు ఇలా గడుస్తుంది" అని చెప్పండి. అమ్మానాన్నల భయం ఎక్కువగా డిగ్రీ గురించి కాదు, రేపటి గురించి. రేపు కనిపిస్తే సగం భయం తగ్గుతుంది. ఈ వీడియో చూస్తున్న తల్లిదండ్రులకి ఒక్క మాట: మీ అబ్బాయో అమ్మాయో ఈ మాట చెప్పడానికి చాలా రాత్రులు ఆలోచించి ఉంటారు. "నలుగురూ ఏమంటారు" అనే ప్రశ్న కనీసం మొదటి రోజు అడగకండి.

సరే, మొత్తం మళ్లీ ఒకసారి. పోయిన ఏళ్లు పక్కన పెట్టండి. తడి ఉందో లేదో చూడండి. సమస్య పనిదా, గైడ్‌దా, డబ్బుదా విడదీయండి. మీకు కావాల్సిన ఉద్యోగం ఆ డిగ్రీ అడుగుతోందా చూడండి. మిగిలిన పనిని నెలల్లో, రూపాయల్లో రాయండి, సగం కలపండి. వెళ్లే చోటుని రుచి చూడండి. కాగితాలు సర్దుకుని, అప్పుడు చెప్పండి. ఈ లెక్క ఒక్క ఆదివారం పని. తెలిసిన స్నేహితుడిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఒంటరిగా అర్ధరాత్రి మాత్రం వేయకండి.

మీకు తెలిసిన స్కాలర్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి. "థీసిస్ ఎంతవరకు వచ్చింది?" అని అడగడం కన్నా అది మంచి పలకరింపు. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటానండి.